ఎండాకాలపు శాలువాలు

ఆ సోమవారం పొద్దున మంజులత పెట్టుకున్న పని ఒక్కటే. ఎనిమిదింటికల్లా ఎరువుల దుకాణం బాలయ్య సేటు దగ్గరికి పోవాలి. ఒక ఓవర్‌లాక్ మిషన్ అడగాలి. ఇస్తానంటే దండం పెట్టాలి, ఇవ్వనన్నా దండం పెట్టాలి. తొమ్మిదింటికి వచ్చి కుట్టు సెంటరు తాళం తీయాలి. పదకొండేళ్లుగా దేవరకొండలో "నిలదొక్కు" అనే సంఘం నడుపుతున్న మనిషికి, గంటలో కావాల్సిన పని ఏదీ గంటలో కాదని తెలియాలి. తెలుసు కూడా. అయినా పొద్దున లేవగానే మనిషి కొంచెం ఆశపడతాడు. చాయ తాగేదాకా ఆ జబ్బు ఉంటుంది.

సంఘమంటే ఏదో అనుకునేరు. బస్టాండు వెనక రెండు గదుల కిరాయి ఇల్లు, పన్నెండు కుట్టు మిషన్లు, పద్నాలుగు మంది ఆడవాళ్లు. అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పత్తి చేలల్లో వంగి వంగి నడుములు పోగొట్టుకున్నారు. వాన మొహం చాటేసిన ఏడాది పట్నం పోయి కూలి అడ్డా మీద నిలబడ్డారు. ఇప్పుడు కుట్టు నేర్చుకున్నారు. నేర్చుకుంటే కడుపు నిండదు, పని దొరకాలి. ఆ పని దొరికింది: మండలంలోని సర్కారు బడి పిల్లల యూనిఫాములు, జూన్‌లో బడి తెరిచేలోగా కుట్టివ్వాలి. అయితే బట్ట అంచుల పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టి ఉండాలి. వచ్చే సోమవారం లోపల అట్లా కుట్టిన నమూనా జత చూపిస్తే ఆర్డరు వీళ్లది. లేకపోతే పట్నం కంట్రాక్టరుది. సెంటరులో అన్నీ ఉన్నాయి, ఆ ఓవర్‌లాక్ మిషన్ ఒక్కటే లేదు.

"మిషన్ రాకుంటే ముందే చెప్పు బిడ్డా," అన్నది సుక్కమ్మ, శనివారం సాయంత్రం సెంటరు మూసేటప్పుడు. యాభై అయిదేళ్ల మనిషి. సెంటరులో అందరికంటే పెద్దది, అందరికంటే వంకరగా మాట్లాడేది. "మేస్త్రీకి ఫోన్ చేసి అడ్డా మీద నా జాగా పట్టి పెట్టుమంట. ఆలస్యమైతే నీడ కాడి జాగా పోతది."

ఆ మాట చెవిలో గుయ్యిమంటుండగా మంజులత బయలుదేరింది. సెంటరు పక్కనే భీమయ్య టైలరు దుకాణం. పదిన్నర అయితే గానీ షట్టరు లేవదు. షట్టరు మూసి ఉన్నా సరే, అలవాటు కొద్దీ ఆమె రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచింది. ఊళ్లో ఆడవాళ్లకు కుట్టు నేర్పితే టైలర్లకు గిరాకీ తగ్గుతుంది. ఆ ముసలాయన మొహం చూడాలంటే ఆమెకు అదో ఇబ్బంది.

బాలయ్య సేటు అడగ్గానే ఒప్పుకున్నాడు. అనుమానం రావాల్సింది అక్కడే.

"ఒక్క మిషనేగా మంజులతమ్మా? కొత్తదే ఇస్త. ఆడోళ్లు తమ కాళ్ల మీద నిలవడాలె అని నేనెప్పుడు చెప్పేది గదే గద!"

"శానా సంతోషం సేటు. మరి ఇయ్యాల్నే పోయి..."

"ఇయ్యాల్నే అంటే ఎట్లమ్మా? జర పద్ధతుంటది. ఆదివారం చిన్న సభ పెడదాం. నాగేందర్ సారు చూసుకుంటడు. ఒక ఫోటో, రెండు మాటలు, అయిపాయె."

నాగేందర్ రిటైరైన హెడ్మాస్టరు. పట్టణ సేవా మండలికి బాలయ్య అధ్యక్షుడైతే ఈయన కార్యదర్శి. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాడు. రిటైరైన కాడి నుంచి మనుషులకు శాలువాలు కప్పుతున్నాడు. రెండో పనే ఎక్కువ శ్రద్ధగా చేస్తాడని ఊళ్లో పేరు. మంజులత పోయేసరికి కాగితం, పెన్ను పట్టుకుని తయారుగా ఉన్నాడు.

"ముందుగాల బాలయ్యకు ఒక శాలువా. ఆయనకు కప్పినంక ఇద్దరు ఉపాధ్యక్షులకు కప్పకుంటే బాగుంటదా? బాగుండది. నాకొద్దు గని, పెట్టకపోతే చూసేటోళ్లకు మంచిగుండది, నాకొకటి రాస్త."

మధ్యాహ్నానికి నాలుగు శాలువాలు. సాయంత్రానికి పదకొండు. మంగళవారం నాడు మాజీలు చేరారు. మాజీలను పిలిచాక కాబోయేవాళ్లు ఊరుకుంటారా? బుధవారం నాటికి నలభై ఒకటి.

"సారూ, మిషన్ ఇచ్చేది ఒక్క మనిషే గద?" అన్నది మంజులత.

"ఇచ్చేది ఒక్కడే. అలిగేటోళ్లు నలభై మంది."

"మరి ఇన్ని శాలువాలు ఎవరు తెస్తరు?"

నాగేందర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూశాడు. "సభ ఎవలదమ్మా? మీ సంఘానిది. సాయం తీసుకునేది మీరు, సన్మానం చేసేది మీరు. మేం తెచ్చుకొని మేమే కప్పుకుంటే నవ్వరా?"

సాయం కావాలంటే ముందు సాయం చేసేవాళ్లకు సాయం చేయాలి. ఈ దేశంలో పేదోనికి సాయం పొందడమంత ఖర్చైన పని ఇంకోటి లేదు. ఆ సంగతి మంజులతకు ఏనాడో తెలుసు గనుక కోపం రాలేదు, కాళ్లు గుంజాయి. సెంటరుకొచ్చి కుర్చీలో కూలబడి సంగతి చెప్పింది.

సుక్కమ్మ సూదిలో దారం ఎక్కిస్తూనే అన్నది: "నువ్వు శాలువాల కోసం ఏడుస్తున్నవా? నేను పొద్దుగాల బోళ్లు తోమేది ఆ సారు ఇంట్లనే. అటక నిండ శాలువాలే. ఆడ ఎలుకలు గూడ సన్మానం చేయించుకున్నయి."

ఇద్దరూ కలిసి నాగేందర్ భార్య నర్సింగమ్మ దగ్గరికి పోయారు. సారు ఇంట్లో లేడు. నర్సింగమ్మ సంగతంతా వినను కూడా వినలేదు.

"తీస్కపో తల్లీ! నా పీడ పోతది. కట్టుకుందామంటే చీర గాదు. కప్పుకుందామంటే మన నల్లగొండ జిల్లాల చలేడిది? పారేద్దామంటే ఆయన గౌరవమాయె. మూడు సంచులున్నయి, మొత్తం తీస్కపోండ్రి."

అటక మీది నుంచి సంచులు దించారు. ప్రతి శాలువా కొసకూ గుండుసూదితో ఒక చీటీ. ఇదేందని అడిగితే నర్సింగమ్మ గొంతు తగ్గించింది. "జాకెట్ ముక్కల సంగతి నీకు తెల్వదా మంజులా? పేరంటానికి పోతే పెడ్తరు, మనం ఇంకొకలకు పెడ్తం. మర్చిపోయి ఇచ్చినామెకే తిరిగి పెడితే ఇజ్జత్ పోతది. ఇయ్యి గూడ గంతే. ఎవలిచ్చిండ్రో పేరు రాసి పెట్టుకున్న. ఎట్లున్నదో గూడ జర రాసిన, నా యాదికి. కప్పేముందు చీటీలు పీకేయుండ్రి."

"మర్వకు సుక్కక్కా, చీటీలు పీకేయాలె," అన్నది మంజులత.

"నాకు సదువు రాదు గని చెవులున్నయి," అన్నది సుక్కమ్మ. గురువారం నాడు కూర్చుని ఒక సంచి చీటీలన్నీ పీకింది కూడా. రెండో సంచి మూతి విప్పుతుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది.

ఆటోలో శాలువాలు. మాజీ ఉపాధ్యక్షుడి ఇంటి నుంచి వచ్చాయి. నర్సింగమ్మ తన సంతోషం తనలో ఉంచుకోలేక ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసింది: "మంజులత శాలువాలు తీసుకుంటున్నది." ఆ మాట కోసమే ఊళ్లో పెద్దమనుషుల భార్యలందరూ ఇన్నాళ్లుగా ఎదురుచూస్తున్నట్టున్నది. శుక్రవారం పొద్దునకు సంచులు, మూటలు, ఒకరైతే ఏకంగా ఇనుప ట్రంకు పెట్టె పంపారు. వద్దని చెప్పబోతే తెచ్చినవాళ్లు దించేసి పోయారు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. లోపల కలరా ఉండల వాసన. కుట్టు మిషన్లు శాలువాల కింద పూడుకుపోయాయి. పద్నాలుగు మందీ వసారాలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుక్కమ్మ చేతిలో ఉన్న పని ఏదో, ఆగిన పని ఏదో మర్చిపోయింది.

అంతటితో ఆగితే అది దేవరకొండ కాదు. శాలువాలు పంపినవాళ్లు ఊరికే పంపరు గదా. సేవా మండలి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పడ్డాయి: "నిరుపేద మహిళలకు శాలువాల వితరణ." కింద దండాలు, చప్పట్లు, పూలగుత్తులు. శనివారం పొద్దున బాలయ్య సేటు ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, మీకు కావాల్సింది శాలువాలని ముందే చెప్పొద్దా?"

"సేటూ, మాకు శాలువాలెందుకు? అయి మీకు కప్పేటందుకు..."

"అందరు శాలువాలే ఇస్తున్నరు. నేనొక్కన్ని మిషన్ ఇస్తే అందరిల ఎట్లనో కనవడుతది. అందుకే మిషన్ వద్దన్న, వంద కొత్త శాలువాలకు చెప్పిన. రేపు సభ కాడికే బండి వస్తది."

"సేటూ! సోమవారం లోపల నాకు మిషన్ కావాలె, మిషనే కావాలె!"

"మొహమాటపడకమ్మా, మనం మనం ఒకటి. నేను ఆలంపూర్ పోతున్న, అమ్మవారి దర్శనానికి. రేపు సక్కగ సభకే వస్త." ఫోన్ కట్ అయింది.

మళ్లీ చేస్తే కలవలేదు. ఇక చేయగలిగింది ఒక్కటే. సభలో, మైకు ముందర, నలుగురూ వింటుండగా మిషన్ అడగాలి. శాలువా భుజం మీద ఉన్నప్పుడు మనిషి లేదనడు. పదకొండేళ్ల అనుభవంలో ఆమె నేర్చుకున్న ఒకే ఒక్క కిటుకు అది.

ఆదివారం పదకొండు గంటలకు రోడ్డు మీద షామియానా వేశారు. అది సెంటరు ముందు నుంచి భీమయ్య దుకాణం షట్టరు దాకా పరుచుకుంది. వేదిక మీద నలభై ఒక్క కుర్చీలు. కప్పించుకునేవాళ్లందరూ పైనే కూర్చున్నారు. కింద పద్నాలుగు మంది ఆడవాళ్లు, ముందు వరుసలో నర్సింగమ్మ, ఎండకు నీడ చూసుకుని వచ్చిన రెండు కుక్కలు. వంద శాలువాల బండి వచ్చి దించేసి పోయింది.

మైకు వర్షితకిచ్చారు. డిగ్రీ సగంలో ఆపేసి సెంటరులో చేరిన పిల్ల. గొంతు బాగుంటుంది, పని చకచకా చేస్తుంది. ఆ చకచకే కొంప ముంచింది. పొద్దున్నే వచ్చి, నలభై ఒకటి ఎంచి ఇస్త్రీ చేయమంటే, నర్సింగమ్మ ఇంటి సంచి విప్పింది. ప్రతి దాని కొసకూ చీటీ, చీటీ మీద పెద్ద అక్షరాలతో పేరు, కింద చిన్న అక్షరాలతో ఇంకేదో. ఎవరి శాలువా ఎవరికి కప్పాలో మేడం ఎంత పద్ధతిగా రాసి పెట్టిందని ముచ్చటపడింది. కింద రాసింది చదివే తీరిక ఎవరికున్నది? పేర్ల ప్రకారం వరుస పేర్చి పెట్టింది, తారుమారు కాకుండా చీటీలు అలాగే ఉంచింది.

"మన పట్టణ సేవా మండలి అధ్యక్షులు, శ్రీ బాలయ్య గారు!"

బాలయ్య వంగాడు, శాలువా పడింది. తర్వాత ఉపాధ్యక్షుడు, ఆ తర్వాత ఇంకొకాయన. ఉన్నిదీ, పట్టుదీ, మఖ్మల్‌దీ మెడల చుట్టూ బిగుసుకుంటుంటే చెమటలు కారిపోతున్నాయి. ఒక్కరైనా తీయరు. ఫోటో ఇంకా కాలేదు. మంజులత మైకు కోసం చెయ్యి చాపుతుండగా ఉపాధ్యక్షుడు పక్కకు వంగి, సేటు భుజం మీద వేలాడుతున్న చీటీ పట్టుకుని, కళ్లద్దాలు సర్దుకున్నాడు. మైకు దగ్గరే ఉన్నది.

"బాలయ్య సేటు. ఇచ్చిండు గని ఒక్క ఉతుకుకే రంగు పోయింది. ఎవలకన్న అంటగట్టాలె."

అప్పటికి కప్పించుకున్నవాళ్లందరూ ఒక్కసారిగా తమ తమ శాలువాల కొసలు తిప్పి చూసుకున్నారు.

"పైకి పట్టు, లోపల పాత లుంగీ!" అన్నాడు ఒకాయన, నమ్మలేనట్టు. "నా పేరే ఉన్నది!"

"నాది వినుండ్రి. 'ఎలుక కొరికిందే ఇచ్చిండు, పిసినారి.' ఎవడ్రా రాసింది?"

ఎవరు రాశారో నాగేందర్‌కు ఒక్కడికే తెలుసు. నలభై ఏళ్లుగా పచారీ చీటీల మీద చూస్తున్న చేతిరాత. ఆయన చల్లగా కుర్చీ వెనక్కి జరుపుకుంటుంటే బాలయ్య పట్టుకున్నాడు.

"నీ రిటైర్మెంట్ నాడు నేను కప్పిన శాలువా ఇది! మనసుపెట్టి కప్పిన! నాకే తిరిగి కప్పుతవా?"

"నాకేం తెల్వది బాలయ్యా, ఇంట్ల ఆడోళ్లు..."

ముందు వరుసలో నర్సింగమ్మ లేచి నిలబడింది. "ఇంట్ల ఆడోళ్లేంది? నేను రాసిన దాంట్ల అబద్ధమేమున్నదో చెప్పుండ్రి. రంగు పోయిందా, పోలేదా?"

అందరూ సేటు తెల్ల చొక్కా వైపు చూశారు. చెమటకు తడిసిన శాలువా రంగు భుజం మీద నుంచి జేబు దాకా ఎర్రగా దిగింది. పోయింది.

ఆ తర్వాత జరిగింది వేగంగా జరిగింది. బాలయ్య శాలువా విసిరికొట్టి దిగిపోయాడు. ఆయన వెనక ఇంకా కప్పించుకోనివాళ్లు కూడా అలిగి దిగారు. కప్పలేదని వాళ్ల కోపం. మంజులత మైకు పట్టుకుని "సేటూ, మిషన్..." అన్నది. అప్పటికి కరెంటు వాడు కూడా వైరు పీకేశాడు. ఉత్త నోటితో ఆ మాట రెండో వరుస దాకా కూడా పోలేదు.

పావుగంటలో వేదిక మీద శాలువాలు తప్ప ఎవరూ మిగలలేదు. వర్షిత ఒక మూల కూర్చుని ఏడుస్తున్నది. "మేడం, పేర్లున్నయి గద అని..." మంజులత తల నిమిరింది. తిట్టడానికి కూడా ఓపిక కావాలి. సుక్కమ్మ చెంగు మూటలోంచి ఫోన్ తీసి నంబరు నొక్కింది.

"హలో మేస్త్రీ. ఆఁ, సుక్కమ్మనే. ఆ నీడ కాడి జాగా ఉన్నదా, పోయిందా? ఎల్లుండి పొద్దుగాల బస్సుకు వస్త. మోకాళ్లా? మోకాళ్లకేమైంది, ఉన్నయి."

ఆ మాటలకు మంజులత మొహం తిప్పుకుంది. తిప్పుకున్న వైపు భీమయ్య టైలరు నిలబడి ఉన్నాడు, మెడలో టేపు, చేతిలో తాళంచెవి.

"షామియానా ఎప్పుడు తీస్తరు? నా షట్టర్ లేస్తలేదు," అన్నాడు. మళ్లీ ఆ ఆడవాళ్ల మొహాలు చూసి గొంతు మార్చాడు. "ఏమైంది చెల్లె? అసలు మీకేం కావాల్నుండె?"

ఏడు రోజులు. నలభై ఒక్క మంది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఓవర్‌లాక్ మిషన్ అన్నా. రేపటికి ఒక నమూనా జత చూపియ్యాలె. తర్వాత నెలన్నర పని."

"గింతేనా? నా దుకాన్ల రెండున్నయి."

ఆడవాళ్లందరూ భీమయ్య వైపు తిరిగారు.

"నేను షట్టర్ తీసేది పదిన్నరకు. మిషన్లు అప్పటిదాక నిద్రపోయేటియే. ఆరింటికొచ్చి పదింటిదాక నడుపుకోండ్రి. నమూనాకు ఇప్పుడే రాండ్రి, జర ఈ గుంజ పక్కకు జరపండ్రి, షట్టర్ లేపుత. నాలుగు రోడ్ల కాడ మా సడ్డకుని దుకాన్ల ఇంకొకటున్నది. వానికి నేను చెప్త."

"అన్నా," అన్నది మంజులత, "మా ఆడోళ్లు కుట్టు నేర్చుకుంటే నీ గిరాకీ పోతదని కోపంగున్నవనుకున్న. అందుకే నీ దుకానం ముందట్నుంచి రాకుండ రోడ్డు దాటి పోతుంటి."

"నేను చూస్తనే ఉన్న. పెద్ద పెద్దోళ్లతోని తిరిగే మనిషి, మన మొహమెందుకు చూస్తది అనుకున్న." భీమయ్య తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "నాకు పని నేర్పినాయిన కొండమల్లేపల్లిల ఒక ముసలి దర్జీ. సొంతంగ మిషన్ కొనేదాక రెండేండ్లు, పొద్దుగాల దుకానం తెరిచేదాక తన మిషన్ మీద నా పని చేసుకోనిచ్చిండు. ఆయన పేరుతోని ఫ్లెక్సీ లేదు, ఏం లేదు. ఒక్కటే షరతు చెల్లె. నాకు శాలువా కప్పుతే మాత్రం తాళం మార్చేస్త."

సోమవారం నమూనా పోయింది, ఆర్డరు నిలిచింది. ఇందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు. పొద్దున ఆరింటికి మూడు మిషన్లు గరగరమన్నాయి, పది గంటలకు ఆగాయి, తెల్లారితే మళ్లీ మొదలయ్యాయి. కొండ దిక్కు ఊళ్ల ఆటో అతను తొలి ట్రిప్పు గంట ముందుకు జరిపాడు. పక్కింటామె కుట్టేవాళ్ల పిల్లలను తన వసారాలో కూర్చోబెట్టుకుంది. వీళ్లెవరూ దాతలు కారు. దాతలని పిలిస్తే పారిపోయేవాళ్లు. తమ దగ్గర ఊరికే ఉన్నది, ఎదుటివాళ్లకు కావాల్సింది, రెండూ ఒకటే అయినచోట ఇచ్చారు, అంతే. నడుములు నొప్పి పుట్టాయి, కళ్లు మంటలెత్తాయి, బడి తెరిచేనాటికి బట్టలు బడికి చేరాయి. సుక్కమ్మ మేస్త్రీకి మళ్లీ ఫోన్ చేసింది: "నా నీడ జాగా ఎవలకన్న ఇచ్చెయ్యి. లేనోళ్లకు ఇయ్యి, తెలిసినోళ్లకు గాదు."

శాలువాలు మిగిలాయి. వందల శాలువాలు. నాలుగేసి పొరలు పరిచి బొంతలు కుట్టడం మొదలుపెట్టారు, చలికాలం అంగట్లో పెడదామని.

జూలైలో సేవా మండలి రాజీపడింది. మంచి పేరు వచ్చే పని ఊళ్లో ఒకటి జరిగితే దానికి దూరంగా ఉండటం వాళ్లవల్ల కాదు. "మా సహకారంతో నిలదొక్కుకున్న మహిళలు" అని ఫ్లెక్సీ కట్టారు, అందులో నలభై ఒక్క ఫోటోలు. మంజులతను పైకి పిలిచారు. బాలయ్య సేటు, నాగేందర్ సారు చెరో కొస పట్టుకుని ఆమె భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు.

మంజులత దండం పెట్టి మెట్లు దిగింది. శాలువా తీసి మడతపెట్టి సుక్కమ్మ చేతిలో పెట్టింది. సుక్కమ్మ ముందు కొస తిప్పి చీటీ ఉన్నదేమో చూసింది, తర్వాత బొటనవేలితో మందం చూసింది.

"పలచగున్నది బిడ్డా. అడుగు పొరకు పనికొస్తది."